పాత కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ: ఏ రకం, ఎంత సైజు, ఎవరు బిగించాలి?

తిరుపతిలో ఏ కంప్యూటర్ షాపుకు వెళ్లి ఎస్‌ఎస్‌డీ (తిరిగే హార్డ్ డిస్కుకు బదులు ఫైళ్లను చిప్పుల్లో దాచే డ్రైవు) కావాలన్నా కౌంటరు అవతల నుంచి ప్రశ్నలు వరసగా వస్తాయి. సాటానా, ఎన్‌వీఎంఈనా? జెన్3 చాలా, జెన్4 ఇవ్వమంటారా? 256 సరిపోతుందా, 512 తీసుకుంటారా? పాత విండోస్ అలాగే ఉంచాలా, కొత్తగా వేయాలా? కంప్యూటర్ ఆన్ చేసి కాఫీ పెట్టుకుని వచ్చినా ఇంకా తెర మీద చక్రం తిరుగుతోందన్న బాధతో వచ్చిన మనిషికి వీటిలో ఒక్కదానికీ జవాబు తెలియదు. చివరికి షాపాయన చేతికి ఏది అందితే అది ఇంటికి వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత. ఒక ఎస్‌ఎస్‌డీకీ ఇంకో ఎస్‌ఎస్‌డీకీ మధ్య మాత్రం ఇంటి వాడకంలో తేడా పెద్దగా తెలియదు. కాబట్టి డబ్బా మీద ముద్రించిన వేగానికి డబ్బు పెట్టకండి. సైజుకూ నాణ్యతకూ పెట్టండి. అంతకంటే ముందు, మీ మదర్‌బోర్డు (అన్ని భాగాలూ తగిలే లోపలి పెద్ద పలక) ఏది ఒప్పుకుంటుందో చూసుకోండి. సాటా, ఎన్‌వీఎంఈ అన్నవి డ్రైవు బోర్డుతో మాట్లాడే రెండు పద్ధతులు: మొదటిది పాతది, రెండోది కొత్తది, వేగమైనది. జెన్3, జెన్4 అంటే ఎన్‌వీఎంఈ వాడుకునే పీసీఐఈ అనే దారి తరాలు.

## కొనేముందు తేల్చుకోవలసినవి

మదర్‌బోర్డు. సగం నిర్ణయం ఇక్కడే జరిగిపోతుంది. స్టార్ట్ మెనూలో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ అని వెతికి తెరిస్తే బోర్డు పేరు, ప్రాసెసర్ పేరు రెండూ కనబడతాయి. ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసుకుని షాపుకు వెళ్తే సగం తికమక తప్పుతుంది.

నిజంగా ఏ పని నెమ్మదిగా ఉంది? నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద లోపే వెతికి తేగలదు. చదివే తల ఆ చోటికి జరగాలి, పళ్లెం తిరిగి ఆ చోటు తల కిందికి రావాలి. విండోస్ లేవడం, బ్రౌజర్ తెరుచుకోవడం అంతా ఇలాంటి వేల చిన్న ఫైళ్ల పనే. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగం లేదు కాబట్టి ఆ వెతుకులాట మిల్లీసెకనులో పదో వంతుకు తగ్గిపోతుంది. మీకు తెలిసివచ్చే వేగమంతా ఈ చిన్న ఫైళ్ల దగ్గరే. డబ్బా మీద ఉండే 3,500, 7,000 అంకెలు (సెకనుకు ఎంబీ) ఒకే పెద్ద ఫైలును ఏకబిగిన చదివినప్పటివి.

అలాగని ఎస్‌ఎస్‌డీ అన్నిటికీ మందు కాదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలైన నిమిషంలో మీకు దొరకకపోతే ఆ నేరం డిస్కుది కాదు. అది నెట్, సర్వర్, అదృష్టం సంగతి. అలాగే ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉన్న కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీతో పాటు ఇంకో 4 జీబీ ర్యామ్ కూడా వేయిస్తేనే మార్పు పూర్తిగా కనబడుతుంది.

చిప్పు రకం, రాత సామర్థ్యం (డ్రైవు మీద మొత్తం ఎంత రాయవచ్చన్న తయారీదారు హామీ). ఒక్కో అరలో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. రెండోది చవక. అయితే పెద్ద ఫైళ్లు వరసగా రాస్తూ పోతే నీరసపడుతుంది. సామ్‌సంగ్ 870 క్యూవీఓ 1 టీబీ డ్రైవునే తీసుకోండి: మొదటి 42 జీబీ దాటాక రాసే వేగం సెకనుకు 80 ఎంబీకి పడిపోతుందని తయారీదారే ప్రకటించాడు. అంటే మంచి హార్డ్ డిస్క్ కంటే తక్కువ.

ఎండ, కరెంటు. మన ఊళ్లో మే నెలలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. మిద్దె పైగదిలో, తలుపున్న చెక్క టేబుల్ అరలో క్యాబినెట్ పెట్టి ఉంటే లోపల వేడి ఇంకా ఎక్కువ. ఎన్‌వీఎంఈ డ్రైవులకు తయారీదారులు సాధారణంగా పెట్టే హద్దు 70 డిగ్రీలు. ఆ పరిసరాలకు చేరితే డ్రైవు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇక కార్తీకంలో తుఫాను పట్టి కరెంటు పోతూ వస్తూ ఉండే రోజుల్లో, ఏదైనా రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఇంటి రకం ఎస్‌ఎస్‌డీలకు రక్షణ తక్కువ. చిన్న యూపీఎస్ లేని ఇంట్లో ఖరీదైన డ్రైవు కంటే ముందు యూపీఎస్ కొనడం మేలు.

## మీ ముందున్న దారులు

రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. పదేళ్లు దాటిన కంప్యూటర్లకు దాదాపు ఇదొక్కటే మార్గం. మన ఇళ్లలో ఇప్పటికీ నడుస్తున్న హెచ్61 అనే పాత రకం మదర్‌బోర్డుల్లో ఉన్నది పాత సాటా2, అంటే సెకనుకు 280 ఎంబీ దాటదు. ‘మరి 550 వేగం ఉన్న డ్రైవు దండగే కదా’ అని అడుగుతారు. దండగ కాదు. చిన్న ఫైళ్ల వెతుకులాటకు ఆ 280 కూడా అవసరం రాదు. హెచ్81 బోర్డులో నాలుగు సాటా పోర్టులు ఉంటే వాటిలో రెండే వేగమైనవి. కేబుల్ వాటిలో ఒకదానికి పెట్టారో లేదో చూసుకోండి, బోర్డు మీద పక్కనే రాసి ఉంటుంది. వేడి సమస్య లేదు. రేపు కంప్యూటర్ మొత్తం మార్చినా ఈ డ్రైవును కొత్త దానిలో, ల్యాప్‌టాప్‌లో, లేదా యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వాడుకోవచ్చు.

ఎం.2 సాటా. ఎం.2 అనేది ఆకారం మాత్రమే. చూయింగ్ గమ్ రేకంత ఉండే ఈ కార్డుల్లో కొన్ని లోపల సాటా పద్ధతిలోనే పనిచేస్తాయి. బంగారు పళ్ల వరసలో రెండు గాట్లు ఉంటే చాలావరకు సాటా, ఒకటే ఉంటే చాలావరకు ఎన్‌వీఎంఈ. స్లాటు సాటా మాత్రమే తీసుకునే పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు తప్ప దీని జోలికి వెళ్లనక్కరలేదు.

ఎన్‌వీఎంఈ జెన్3. ఇంటెల్ ఆరో తరం నుంచి వచ్చిన చాలా బోర్డుల్లో, రైజెన్ బోర్డుల్లో దీనికి చోటుంటుంది. చోటున్నవారికి నా మొదటి సలహా ఇదే. ధర సాటాకు దగ్గరగానే ఉంటుంది, కేబుళ్ల గొడవ లేదు, వేడి అదుపులో ఉంటుంది. ఒక చిక్కు మాత్రం తెలుసుకోండి. హెచ్110, హెచ్310 బోర్డుల చిప్‌సెట్ (బోర్డు మీది దారులను నడిపే చిప్పు) ఇచ్చేది పాత పీసీఐఈ 2.0 దారి. 3,500 వేగం ఉన్న డ్రైవు అక్కడ 1,600 దగ్గర ఆగుతుంది. అది కూడా సాటాకు మూడింతలు కాబట్టి చింతించనక్కరలేదు. ఇంకో చిక్కు: కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాటు నింపగానే ఒక సాటా పోర్టు మూగబోతుంది. పాత హార్డ్ డిస్క్ కనబడటం లేదని కంగారుపడేవారిలో చాలామంది కేబులును పక్క పోర్టుకు మార్చితే సరిపోతుంది.

ఎన్‌వీఎంఈ జెన్4. కొత్తగా కంప్యూటర్ కట్టించుకునేవారికి, వీడియో పనివారికి బాగుంటుంది. మిగిలినవారికి ఇది ఎక్కువగా షాపు గోడ మీది ఆకర్షణే. ఎంత పెద్ద ఇంజిను కారైనా అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే అన్ని కార్ల వేగమే దానిదీ. జెన్4 డ్రైవును జెన్3 దారిలో పెట్టినా అంతే. హెచ్610 బోర్డుల్లో ఎం.2 దారి జెన్3 వేగానిదే. బి550 బోర్డు జెన్4 ఇవ్వగలదు, కానీ దానిలో మన ఇళ్లలో బాగా అమ్ముడైన రైజెన్ 5 5600జీ ఉంటే ఆ ప్రాసెసర్ జెన్3 దాకానే వెళ్తుంది. ఇంటెల్ 500 సిరీస్ బోర్డుల్లో ఇంకా విచిత్రం. పదో తరం ప్రాసెసర్ ఉంటే నేరుగా ప్రాసెసర్‌కు కలిసే ఎం.2 స్లాటు అసలు పనిచేయదు. డ్రైవు పాడైందనుకుని షాపు చుట్టూ తిరగకముందే రెండో స్లాటులో పెట్టి చూడండి. జెన్4 డ్రైవు కొంటే పైన వేడి లాగే అల్యూమినియం పలక తప్పనిసరి అనుకోండి, ముఖ్యంగా మన వేసవిలో.

జెన్5 గురించి రాయడానికి ఏమీ లేదు. ఇంటి కంప్యూటర్‌కు అక్కరలేదు.

| | సాటా 2.5 అంగుళాలు | ఎన్‌వీఎంఈ జెన్3 | ఎన్‌వీఎంఈ జెన్4 |
|---|---|---|---|
| గరిష్ఠ వేగం, సెకనుకు | సుమారు 550 ఎంబీ | సుమారు 3,500 ఎంబీ | సుమారు 7,000 ఎంబీ |
| ఏ కంప్యూటర్‌కు | సాటా పోర్టున్న దేనికైనా | సుమారు 2015 తర్వాతి, ఎం.2 స్లాటున్న బోర్డులు | కొత్త బోర్డు, దానికి తగ్గ ప్రాసెసర్ |
| వేడి | నామమాత్రం | కొద్దిగా | పలక కావాలి |
| కేబుళ్లు | రెండు | లేవు | లేవు |
| ఇంటి పనిలో తేడా | హార్డ్ డిస్క్ మీద చాలా ఎక్కువ | సాటా మీద కొద్దిగా | జెన్3 మీద దాదాపు లేదు |

## ఎంత సైజు?

128 జీబీ ఎంత చవకగా ఇచ్చినా వద్దు. విండోస్, దాని అప్‌డేట్లు, ఆఫీసు, ఫోను నుంచి దించిన ఫొటోలు కలిస్తే ఏడాదిలో నిండుతుంది. నిండిన ఎస్‌ఎస్‌డీ నెమ్మదిస్తుంది, పదో వంతైనా ఖాళీ ఉండాలి. 256 జీబీ, పక్కన పాత హార్డ్ డిస్క్ అన్నది చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పటి మధ్యేమార్గం. 500 జీబీ దగ్గర ఇంటి అవసరం తీరిపోతుంది. 500 అని కొంటే విండోస్‌లో 465 అనే కనబడుతుంది, అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా.

2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు పైకి పోయాయి. పాత వీడియోల్లో చెప్పిన ధర పట్టుకుని షాపాయనతో వాదించి లాభం లేదు. అదే సమయంలో, ఫోనులో ప్రకటనగా వచ్చే వెయ్యి రూపాయల 2 టీబీ ఎస్‌ఎస్‌డీని నమ్మారంటే ఆ వెయ్యీ పోయినట్టే. అలాంటి డబ్బాలు విప్పితే లోపల చిన్న మెమరీ కార్డు అతికించి ఉంటుంది. విండోస్‌కు 2 టీబీ అని అబద్ధం చెబుతుంది, దాని అసలు సామర్థ్యం దాటాక మీరు రాసినదంతా గాలిలో కలుస్తుంది.

ఊళ్లో కొనాలా, ఆన్‌లైన్‌లోనా, చెన్నైలో కంప్యూటర్ సామాన్ల బజారైన రిచీ స్ట్రీట్‌కు వెళ్లాలా అని కొందరు అడుగుతారు. ఒక్క ఎస్‌ఎస్‌డీ కోసం చెన్నై ప్రయాణం గిట్టుబాటు కాదు, మొత్తం కంప్యూటర్ కట్టించుకునేటప్పుడు ఆలోచించండి. ఎక్కడ కొన్నా సీరియల్ నంబరు ఉన్న జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. వారంటీ మూడేళ్లా, ఐదేళ్లా అన్నది వేగం అంకె కంటే ఎక్కువ చెబుతుంది.

## ఎవరికి ఏది?

చదువుకునే పిల్లలున్న ఇల్లు. యూనివర్సిటీ ప్రాజెక్టులు, ఆన్‌లైన్ పాఠాలు, కాస్త కోడింగ్. పాత బోర్డయితే 500 జీబీ సాటా, ఎం.2 ఉంటే 500 జీబీ జెన్3. ‘ఎక్కువగా రాస్తే ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందట’ అన్న భయం ఇక్కడ అక్కరలేదు. 120 టీబీ రాత సామర్థ్యం ఉన్న చవక డ్రైవు మీద రోజుకు 30 జీబీ రాసినా దాదాపు పదకొండేళ్లు పడుతుంది. అప్పటికి ఆ పిల్లల ఉద్యోగమే మారి ఉంటుంది.

పెళ్లి ఫొటోలు, వీడియోలు ఎడిట్ చేసేవారు. తిరుమల, తిరుచానూరు పెళ్లిళ్ల పుణ్యమా అని ఈ పని ఇంట్లోనే చేసుకునేవారు మన దగ్గర చాలామంది. లెక్క ఇక్కడ తిరగబడుతుంది. ఒక్క పెళ్లికే వంద జీబీ దాటే ఫుటేజీ దించి, ఎడిట్ చేసి, మళ్లీ రాస్తారు. రోజుకు 200 జీబీ చొప్పున 110 టీబీ హామీ ఉన్న క్యూఎల్‌సీ డ్రైవు ఏడాదిన్నరలో ఆ హామీ దాటేస్తుంది. అదే 300 టీబీ హామీ ఉన్న టీఎల్‌సీ అయితే నాలుగేళ్లు. పైగా క్యూఎల్‌సీ మొదటి యాభై జీబీ చకచకా మింగి తర్వాత కుంటుతుంది. పెళ్లివారు ఆల్బం కోసం ఫోను చేస్తూ ఉంటారు, కాపీ శాతం కదలదు. మీరు మాత్రం టీఎల్‌సీ, డీర్యామ్ (డ్రైవులోనే ఉండే చిన్న వేగమైన మెమరీ) ఉన్న 1 టీబీ కొనండి, బోర్డు ఒప్పుకుంటే జెన్4 కూడా ఇక్కడ న్యాయమే. పని పూర్తయిన పెళ్లిళ్లను హార్డ్ డిస్క్‌కు తరలించండి.

డీటీపీ కేంద్రాలు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, ‘అను’ తెలుగు ఫాంట్లు ఎప్పుడో ఎవరో అమర్చి పెట్టిన కంప్యూటర్. మళ్లీ వేయాలంటే సీడీ ఉండదు, వేసిన మనిషి ఊళ్లో ఉండడు. ఇలాంటిచోట చిన్న సాటా డ్రైవు చాలు. రకం కంటే తరలించే పద్ధతి ముఖ్యం, దాని సంగతి కింద రాశాను. ఇంకా విండోస్ ఎక్స్‌పీ మీదే ఉంటే, ఆ వ్యవస్థకు ట్రిమ్ తెలియదు. అంటే చెరిపేసిన చోట్లను డ్రైవుకు చెప్పదు, కాలం గడిచేకొద్దీ రాత మందగిస్తుంది. విండోస్ 7 నుంచి ఆ ఇబ్బంది లేదు.

చిత్తూరు బెల్లం మండీలాంటి చోట లెక్కలు రాసేవారు. వేగం కంటే భద్రత. పేరున్న సాటా, యూపీఎస్, రోజూ లెక్కల ఫోల్డరుకు పెన్ డ్రైవులో నకలు. మండీలో దుమ్ము ఎక్కువ కాబట్టి తిరిగే డిస్కు లేకపోవడం అదనపు లాభం.

## నకలు తీయాలా, కొత్తగా వేయాలా?

డ్రైవు రకం కంటే ఎక్కువ గొడవ తెచ్చేది ఈ నిర్ణయం.

క్లోనింగ్ అంటే పాత డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టుగా కొత్త దానిలోకి దించడం. డీటీపీ, మండీ కంప్యూటర్లకు ఇదే సరి. క్రూషియల్, వెస్టర్న్ డిజిటల్, కింగ్‌స్టన్ తమ డ్రైవులకు నకలు తీసే అక్రోనిస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తాయి, సామ్‌సంగ్‌కు సొంతది ఉంది. వేరే బ్రాండు కొన్నవారికి క్లోన్‌జిల్లా ఉంది, చూడటానికి మోటుగా ఉన్నా పని గట్టిది. అయితే చెత్త, వైరస్, పాత టూల్‌బార్లు అన్నీ కూడా కొత్త ఇంటికి వస్తాయి. పాత డిస్కులో చెడిన చోట్లుంటే నకలు మధ్యలో ఆగిపోతుంది. ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌తో డిస్కు ఆరోగ్యం చూడండి. నీలం రంగు పోయి పసుపు కనబడితే ముఖ్యమైన ఫైళ్లు ముందు వేరేచోటికి తీసుకోండి, మిగతా ప్రయత్నాలు తర్వాత.

కొత్తగా వేయడం మామూలు ఇళ్లకు మేలు. 8 జీబీ పెన్ డ్రైవు, మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత సాధనం, సాయంత్రం ఒక గంట. బ్రౌజర్ పాస్‌వర్డులు, డెస్క్‌టాప్ మీద వేలాడే ఫైళ్లు, ప్రింటర్ డ్రైవర్ పేరు ముందే రాసి పెట్టుకోండి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం లేదా రైజెన్ 2000 వరస, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఎస్‌ఎస్‌డీ పెట్టినంత మాత్రాన పాత ప్రాసెసర్‌కు ఆ అర్హత రాదు. కేవలం నెట్, ఆఫీసు పనే అయితే విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వైపు చూడవచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరిచిపోకండి. కొత్తగా వేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కేబుల్ తీసేయండి. రెండూ తగిలి ఉంటే ఇన్‌స్టాలర్ కొన్నిసార్లు విండోస్‌ను ఎస్‌ఎస్‌డీలో పెట్టి, దాన్ని లేపే చిన్న భాగాన్ని పాత డిస్కులోనే వదిలేస్తుంది. అంతా బాగానే నడుస్తుంది. ఏడాది తర్వాత పాత డిస్కు పోయిన రోజున కొత్తది కూడా లేవదు.

## మీరే బిగిస్తారా, షాపులోనా?

డెస్క్‌టాప్ అయితే మీరే చేసుకోగల పని. ల్యాప్‌టాప్‌లో అడుగు పలక కొక్కేలు విరిగే ప్రమాదం ఉంది, అలవాటు లేకపోతే షాపుకే ఇవ్వండి. ఇస్తే బిల్లులో రాసిన సీరియల్ నంబరే లోపల ఉందో లేదో మీ ముందే చూపించమనండి.

ప్లగ్ తీసి, క్యాబినెట్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. ఇనుప చట్రాన్ని చేత్తో తాకాక లోపల చెయ్యి పెట్టండి. సాటా డ్రైవుకు రెండు కేబుళ్లు: సన్నది మదర్‌బోర్డుకు, వెడల్పుది ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) నుంచి. రెండింటి కొసలూ ఒక వైపు వంపు తిరిగి ఉంటాయి కాబట్టి తిరగేసి దూరవు, దూరడం లేదని బలం పెట్టకండి. పాత క్యాబినెట్లలో మూడున్నర అంగుళాల అరే ఉంటుంది. చిన్న బ్రాకెట్ కొంటే చాలు.

ఎం.2 కార్డును స్లాటులోకి ఏటవాలుగా, ముప్ఫై డిగ్రీల వాలులో దూర్చాలి. బంగారు పళ్లు దాదాపు లోపలికి పోయాక వదిలితే కార్డు కొస పైకి లేచి నిలబడుతుంది. చాలామంది ఇది సరిగా కూర్చోలేదని బయటికి లాగుతారు, కానీ అది అలాగే లేవాలి. వేలితో మెల్లగా కిందికి నొక్కి, కొసలో ఉన్న అర్ధచంద్రాకారపు గాటు మీద చిన్న మరమేకు బిగించండి. ఆ మరమేకు, దాని కింద ఉండే ఇత్తడి దిమ్మ మదర్‌బోర్డు డబ్బాలోనే వస్తాయి. డబ్బా ఎప్పుడో పాత పేపర్లవాడికి వెళ్లిపోయి ఉంటుంది. ల్యాప్‌టాప్ రిపేరు షాపులో దొరుకుతాయి, ముందే తెచ్చుకోండి. వేడి పలక పెడుతుంటే దాని అడుగు పట్టీ మీది పారదర్శక ప్లాస్టిక్ పొర తీసేయండి. డ్రైవు మీది స్టిక్కరు మాత్రం పీకకండి, వారంటీ పోతుంది.

బయాస్‌లో (విండోస్ లేవకముందే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) సాటా పద్ధతి ఏహెచ్‌సీఐ అని ఉండాలి. నకలు తీసిన విండోస్ పాత ఐడీఈ పద్ధతిలో అలవాటుపడి ఉంటే ఇది మార్చగానే లేవకపోవచ్చు, అలాంటప్పుడు వెనక్కి పెట్టేయండి. పదకొండో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కు డ్రైవే కనబడకపోతే తయారీదారు సైటులో దొరికే స్టోరేజ్ డ్రైవరును పెన్ డ్రైవులో వేసి చూపించాలి. డేటాకు మాత్రమే పెట్టిన కొత్త డ్రైవు మై కంప్యూటర్‌లో కనబడకపోవడం లోపం కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి జీపీటీ (డిస్కును విభజించే కొత్త పద్ధతి) ఎంచుకుని ఫార్మాట్ చేయాలి.

ఆ తర్వాత పెద్దగా చేయవలసిందేమీ లేదు. వారానికోసారి విండోస్ తానే ట్రిమ్ చేసుకుంటుంది. హార్డ్ డిస్కులో ఫైళ్లను సర్దే డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు తీసేయండి. ఎస్‌ఎస్‌డీ ఆయుష్షు పెంచుతామని ఏవేవో సెట్టింగులు మార్చమనే సలహాలు పట్టించుకోకండి.

తీసేసిన హార్డ్ డిస్కును వెంటనే చెరపకండి, అమ్మకండి. కొత్తది నెల రోజులు సవ్యంగా నడిచాక యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఫొటోలకూ సర్టిఫికెట్ల స్కాన్లకూ నకలు తీసేందుకు వాడండి. హార్డ్ డిస్క్ పోయేముందు టకటకమని చప్పుడు చేస్తుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏ సూచనా లేకుండా పోతుంది. ట్రిమ్ అయిన ఫైళ్లను తర్వాత వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం.